అద్దె ఒప్పందం ఫైలుకు తాళం వేయండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఉద్యోగాల కోసం మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అద్దె ఒప్పందాలు టైపు చేయించుకోవడానికి నా దగ్గరకు వస్తుంటారు. వారి కోసమే ఈ ఉత్తరం.

టైపు చేసిన వర్డ్ ఫైలు ఇంటి యజమానికి, బ్రోకరుకు, అద్దెకు దిగేవారికి మధ్య వాట్సాప్‌లో తిరుగుతుంది. మధ్యలో ఎవరు ఏ మాట దిద్దారో తెలియదు. చివరికి ఎవరి చేతిలో ఏ ప్రతి ఉంటే అదే ఈ-స్టాంప్ కాగితంతో కలిపి ప్రింటు తీయించి సంతకాలు పెట్టేస్తారు. ఏడాదికి మించిన లీజును రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం రిజిస్టరు చేయాలి కాబట్టి సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. అందువల్ల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు ఉండదు. రేపు పేచీ వస్తే చేతిలో ఉన్న కాగితమే ఆధారం.

ఈ మధ్య అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక జంట ఫైలు తెచ్చి ప్రింటు తీయమన్నారు. మొదటి ప్రతి టైపు చేసింది నేనే కనుక, రెండింటినీ వర్డ్‌లో రివ్యూ ట్యాబ్ కింద ఉండే కంపేర్‌తో పోల్చి చూశాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకోవాలని మాట్లాడుకున్న షరతు రెండు నెలలైంది. మిగతా పేజీల్లో ఒక్క కామా కూడా మారలేదు. అన్ని పేజీల ఇంగ్లిషులో ఆ ఒక్క అంకె ఎవరి కంటికి ఆనుతుంది? అవతలివారికి ఫోను చేస్తే టైపింగ్ పొరపాటన్నారు. కావచ్చు. దాని ఖరీదు మాత్రం ఒక నెల అద్దె.

ఫైలు పంపేముందు అదే రివ్యూ ట్యాబ్‌లో రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ తెరిచి, ట్రాక్డ్ చేంజెస్ మాత్రమే అనుమతించి పాస్‌వర్డ్ పెట్టండి. ఇక అవతలివారు ఏం దిద్దినా గుర్తు పడుతుంది. పాస్‌వర్డ్ లేకుండా ఆ గుర్తును వారు చెరపలేరు. అసలు మార్చనే కూడదనుకుంటే చదవడానికి మాత్రమే వీలు ఇవ్వవచ్చు. ఇదే తుది ప్రతి అని ఫైలుకు గుర్తు పెట్టే మార్క్ యాజ్ ఫైనల్‌ను నమ్ముకోకండి. ఒక్క నొక్కుతో ఎవరైనా దాన్ని తీసేస్తారు. పీడీఎఫ్ చేసి పంపితే ఢోకా లేదనుకునేవారూ ఉన్నారు. 2013 నుంచి వర్డే పీడీఎఫ్‌ను తెరిచి దిద్దనిస్తోంది.

పాస్‌వర్డ్ పెట్టినా, పాఠాన్ని కాపీ చేసి కొత్త ఫైలు తయారు చేసేవారిని ఏ తాళమూ ఆపలేదు. అందుకే మొదటి ప్రతిని మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. సంతకానికి ముందు దానితో తప్పకుండా పోల్చి చూడండి. వర్డ్ లేనివారికి ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లోనూ ఇలా పోల్చి చూసే సదుపాయం ఉంది.

తోటి డీటీపీ సెంటర్ల వారికి నా మనవి ఒకటి. మీరు టైపు చేసిన ఒప్పందం తిరిగి ప్రింటుకు వస్తే, అడగకపోయినా పాత ప్రతితో పోల్చి, మారిన చోట్లు చూపించండి. రెండు నిమిషాల పని. దానికి విడిగా డబ్బులు తీసుకోవద్దు.

– డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు, మారతహళ్లి, బెంగళూరు