మన ఊరి సంఘం వార్షిక నివేదిక 2025: కమాన్ ఆగింది, పొద్దటి బస్సు వచ్చింది

సంఘం సభ్యులందరికీ నమస్తే. ఊళ్లో ఉన్నవాళ్లకు, హైదరాబాద్‌లో, భివండీలో ఉన్నవాళ్లకు, గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు అందరికీ ఒకేసారి చేరాలని ఈసారి నివేదిక అచ్చు వేయించకుండా ఇలా రాసి పంపుతున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. లెక్కలు కూడా ఇందులోనే ఉన్నాయి.

ముందు చాలామంది అడుగుతున్న మాట. కమాన్ ఎందుకు కట్టలేదు? పోయిన సంక్రాంతి మీటింగ్‌లో ఊరి మొదట్లో కమాన్, అంటే స్వాగత ద్వారం, కడదామని అందరం ఒప్పుకున్న మాట నిజమే. మేస్త్రీ ఆరు లక్షలు అవుతుందని చెప్పాడు, పైసలు పంపుతామని గట్టిగా మాటిచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ నెల తిరిగేలోపు జరిగిన ఒక సంగతితో కమిటీ ఆలోచన మారింది. అది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి నేనే చెప్పాలి.

ఫిబ్రవరిలో మా బాపు కాలం చేశాడు. తమ్ముడు ఒమన్‌లో ఉంటాడు. వాడికి సెలవు దొరికి, టికెట్ దొరికి, శంషాబాద్‌లో దిగి ఊరు చేరేసరికి రెండు రాత్రులు గడిచాయి. టౌన్ నుంచి ఫ్రీజర్ బాక్స్ కిరాయికి తెచ్చుకున్నాం. మొదటి రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. బాక్సుతో ఇచ్చిన ఇన్వర్టర్ పావుగంట కూడా ఆగలేదు, ఇచ్చినాయన ఫోన్ ఎత్తలేదు. అద్దానికి లోపల చెమట పట్టి బాపు మొఖం కనపడకుండా పోయింది. మా అక్క కొంగుతో పైనుంచి తుడుస్తూనే ఉంది. మసక లోపల ఉందని ఆమెకు తెలుసు, అయినా తుడుస్తూనే ఉంది. వాడకట్టు పిల్లలు బండ్లేసుకుని టౌన్‌కు పోయి, ఐస్ ఫ్యాక్టరీ వాళ్లను నిద్ర లేపి గడ్డలు తెచ్చారు. వాటిని ఊక పోసిన సంచుల్లో చుట్టి బాక్సు చుట్టూ పేర్చి, తెల్లారి నాలుగింటికి కరెంటు వచ్చేదాకా ఒక్కరు కూడా ఇంటికి పోలేదు. తమ్ముడు వచ్చి చూసుకున్నాడు. ఆ పిల్లల రుణం నేను తీర్చుకోలేను.

ఇది మా ఒక్క ఇంటి బాధ అయితే ఇక్కడ రాసేవాడిని కాదు. మన ఊళ్లో ఇప్పుడు ఎన్ని ఇళ్లలో అవ్వ ఒక్కతే, తాత ఒక్కడే ఉంటున్నారో మీకు తెలుసు. వాళ్లకేమన్నా అయితే కొడుకు దుబాయ్ నుంచో భివండీ నుంచో రావాలి, వచ్చేదాకా ఆపాలి. కమాన్ కింద నుంచి పోయేటప్పుడు మనసుకు గర్వంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ గర్వం కన్నా ఇది ముందు అని కమిటీలో ఉన్న పదకొండు మందిమీ అనుకున్నాం. మార్చిలో సొంతంగా ఫ్రీజర్ బాక్స్, దానికి సరిపోయే పెద్ద ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు, గల్లీల్లోకి తోసుకుపోవడానికి చక్రాల బండి కొన్నాం. మొత్తం 1,12,000 అయింది. గ్రామ పంచాయతీ పక్క గదిలో పెట్టాం. తాళంచెవులు రెండు, ఒకటి పంచాయతీ పనులు చూసే కారోబార్ దగ్గర, ఇంకోటి బొడ్రాయి పక్కనున్న కిరాణం షాపులో. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా ఏడుసార్లు వాడారు, ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. కిరాయి పెట్టలేదు. ఏ కులం, ఏ వాడ, సంఘంలో సభ్యత్వం ఉందా లేదా అని అడగడం లేదు, అడగం కూడా. ఇష్టం ఉన్నవాళ్లు తోచినంత ఇస్తున్నారు, అలా 21,000 వచ్చాయి. ఒక్క మనవి ఏమంటే, వాడాక కడిగి, తుడిచి, బ్యాటరీ చార్జింగ్‌కు పెట్టి తాళం ఇవ్వండి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లకు ఇది గుర్తుండదు, పక్కింటివాళ్లు చూసుకోవాలి.

ఇక బస్సు. రాత్రి మన ఊళ్లోనే నిద్రచేసి పొద్దున్నే బయల్దేరే పల్లెవెలుగు బస్సు కరోనా లాక్‌డౌన్‌లో ఆగింది, ఆ తర్వాత మళ్లీ రాలేదు. తొమ్మిదింటి దాకా బస్సే లేకపోతే ఇంటర్ చదివే ఆడపిల్లలు కాలేజీకి ఎట్ల పోతారు, కూరగాయల గంపలతో అంగడికి పోయేవాళ్లు ఎప్పుడు చేరాలి? వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మన ఊరి పెద్దమనిషికి ఆటో కిరాయికే పింఛన్ అంతా పోయేది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని ఒకసారి మీటింగ్‌లో ఎవరో అంటే, ‘బస్సే రాని ఊళ్లో టికెట్ లేకపోతే మాకేం లాభం బిడ్డా’ అని ఒక అవ్వ లేచి అడిగింది. ఆ మాటనే దరఖాస్తులో మొదటి వాక్యంగా రాసి డిపోకు ఇచ్చాం.

డిపో వాళ్లు కూడా న్యాయమైన మాటే చెప్పారు. డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి గది కావాలి, బాత్రూం కావాలి, నీళ్లు కావాలి అన్నారు. ఇదివరకు వాళ్లు బడి వరండాలో దోమల మధ్య పడుకునేవాళ్లు, మనం ఎన్నడూ పట్టించుకోలేదు. పాత పాల సెంటర్ గదికి సున్నం వేయించి, ఫ్యాన్ పెట్టించి, బాత్రూం కట్టించి, రెండు మంచాలు వేశాం. 46,000 ఖర్చు. జూన్ 12న, బడులు తెరిచిన రోజే, పొద్దున 5.40కి మొదటి బస్సు కదిలింది. ఆ రోజు గంటసేపు ముందే ముప్పై మంది దాకా వచ్చి నిలబడ్డారు, డయాలసిస్‌కు పోయే తాతను డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టి పంపించాం. ఇప్పుడు రాత్రి అన్నం వంతులవారీగా ఒక్కో ఇంటి నుంచి పోతోంది. ఇది సంఘం చెప్పింది కాదు, ఆడవాళ్లే మొదలుపెట్టారు. మగవాళ్లకు ఒక మాట: నాలుగు నిమిషాలు ముందు పోతుందని ఆటో ఎక్కకండి. రోజూ బస్సు నిండుగా పోతేనే అది మనకు మిగులుతుంది.

చెరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మా పొరపాటు ఉంది. మే నెలలో జేసీబీ పెట్టి కట్ట మీద సర్కారు తుమ్మ తీయించాం, 37,500 అయింది. కొట్టేసిన చెట్టు మొద్దు అట్లనే వదిలేస్తే వేర్లు మురిగి కట్టలో సొరంగాల్లాగా అవుతాయి, మొద్దుతో సహా పెకిలించి మొరం పోసి గట్టిగా తొక్కించాలి అని పెద్దవాళ్లు ముందే చెప్పారు. చాలా మేర అట్లనే చేశాం. తూము దగ్గర యాభై గజాలు మాత్రం పైసలు చాలక, వానాకాలం దాటాక చూద్దాంలే అని మొద్దులు వదిలేశాం.

అక్టోబర్ 29న మొంథా తుపాను వాన మీకందరికీ గుర్తే. పొద్దంతా ఆగకుండా కొట్టింది. సాయంత్రానికి చెరువు నిండి మత్తడి దుంకింది, రాత్రి ఎనిమిదింటికి తూము పక్కన సరిగ్గా ఆ యాభై గజాల్లోనే బుంగ పడింది. మొదట చిటికెన వేలంత ధార. నీళ్లు తేటగా వస్తే భయం లేదు, మట్టి కలిసి ఎర్రగా వస్తే కట్ట లోపల కోసుకుపోతున్నట్టు అని చెరువు నీళ్లు చూసుకునే నీరటికాయన సెల్‌ఫోన్ లైట్లో దోసిట్లో పట్టి చూశాడు. ఎర్రగానే ఉన్నాయి. డప్పు సాటింపు వేసిన పది నిమిషాల్లో రెండు ట్రాక్టర్లు, యాభై మంది కట్ట మీదికి వచ్చారు. యూరియా సంచుల్లో మట్టి నింపి, లోపలి వైపు బుంగ మొదలైన చోట వేస్తూ పోయాం, బయట వైపు ఇసుక సంచులు పేర్చాం. నడుంలోతు నీళ్లలో దిగిన పిల్లల నడుముకు మోకు కట్టి, పైన నలుగురు పట్టుకున్నారు. రెండు గంటల రాత్రికి ధార సన్నబడింది, తెల్లారేసరికి తేటగా అయింది. కింద ఉన్న ఎస్సీ వాడ వాళ్లను ముందు జాగ్రత్తగా బడిలోకి తెచ్చాం, అన్నం అక్కడే వండాం. సంచులకు, డీజిల్‌కు, వంటకు అంతా కలిపి 9,300. ఆ యాభై గజాల పని ఈ ఎండాకాలం మొట్టమొదట చేయాలి. దీనికి ఎవరూ వేరే మాట చెప్పొద్దని నా మనవి.

కట్ట నిలిచింది కానీ వడ్లు తడిశాయి. కోతలు అయిపోయి కొనుగోలు సెంటర్లో, రోడ్ల మీద ఆరబోసుకున్న టైమ్. సంఘం 58,000 పెట్టి నలభై పెద్ద టార్పాలిన్లు కొని ఉంచింది కాబట్టి కొన్ని కుప్పలు దక్కాయి, కానీ ఊరంతటికీ నలభై ఏం సరిపోతాయి? కింద నుంచి నీళ్లు పారి అడుగున ఉన్నవి మొలకలెత్తాయి. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా, అదొచ్చేదాకా మళ్లీ ఎండబెట్టి, మళ్లీ ఎత్తి, కొందరు పద్దెనిమిది రోజులు సెంటర్లోనే పడుకున్నారు. ఈ సీజన్‌లో ఏ గ్రేడ్‌ వడ్లకు క్వింటాలుకు 2,389, సన్నాలకు పైన 500 బోనస్ అని కాగితం మీద ఉండింది, ఆ ధర చేతికి రావడానికి రైతు పడ్డ కష్టం దగ్గర్నుంచి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆగస్టులో యూరియాకూ ఇదే తిప్పలు. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం తెల్లవారుజామునే చెప్పులు, పట్టా పాసుపుస్తకాల జిరాక్సులు లైన్లో పెట్టాల్సి వచ్చింది. మేం చేయగలిగింది షామియానా, మంచినీళ్లు, ముసలివాళ్ల వంతు కాపాడే పేర్ల పట్టీ. అంతే చేశాం.

పండుగల గురించి ఎక్కువ రాయను. సద్దుల బతుకమ్మకు చెరువు మెట్ల దగ్గర లైట్లు పెట్టించాం, 18,200. దసరా ఈసారి గాంధీ జయంతి నాడే వచ్చింది కాబట్టి మటన్ ముందురోజే తెచ్చుకున్నాం, జమ్మి మాత్రం ఎప్పటిలాగే అందరం కలిసి ఇచ్చిపుచ్చుకున్నాం.

2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్ లేడు, స్పెషల్ ఆఫీసర్ పాలన. వీధి లైటు పోయినా సంఘానికే ఫోన్ వచ్చేది. డిసెంబర్‌లో ఎన్నికలు జరిగాయి, ఇప్పుడు పాలకవర్గం ఉంది. ఎన్నికల ముందు సర్పంచ్ పదవికి వేలంపాట పెడితే గుడికి పైసలు వస్తాయని ఒక ప్రతిపాదన వచ్చింది. సంఘం ఒప్పుకోలేదు. ఓటును అమ్మే హక్కు ఏ సంఘానికీ లేదు. ఎవరి మీదా జరిమానాలు, వెలివేతలు మన సంఘం ఇంతవరకూ పెట్టలేదు, ఇక ముందు కూడా పెట్టకూడదు.

కోతుల విషయంలో ఏమీ సాధించలేకపోయాం. పెరట్లో బీరపాదు పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు, ఇళ్లకు జాలీలు కొట్టించుకుని మనమే లోపల ఉంటున్నాం. కొత్త పాలకవర్గంతో కలిసి ఫారెస్టు వాళ్ల దగ్గరికి మళ్లీ పోతాం.

గల్ఫ్ తమ్ముళ్లూ, ఇది మీకు. ఈ ఏడాది మన ఊరి పిల్లవాడొకడు అక్కడ చనిపోతే శవం రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షల కోసం కాగితాలన్నీ సంఘమే దగ్గరుండి పెట్టించింది, నవంబర్‌లో మంజూరైంది. కానీ ప్రవాసీ భారతీయ బీమా ఉంటే ప్రమాదంలో పోయినప్పుడు ఇంకో పది లక్షలు వచ్చేవి. వాడిది గడువు తీరిపోయింది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375, అంతే ప్రీమియం, అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. దయచేసి ఈ రాత్రే మీది చూసుకోండి.

లెక్కలు. పోయినేటి నిల్వ 84,200. సభ్యత్వం 240 మంది 500 చొప్పున 1,20,000. విరాళాలు 2,35,000. బాక్స్ కింద 21,000. మొత్తం 4,60,200. పైన చెప్పిన ఖర్చులు కాక ఆసుపత్రి ఖర్చులకు మూడు కుటుంబాలకు 60,000, చిల్లర ఖర్చులు 6,400. మొత్తం ఖర్చు 3,47,400. చేతిలో 1,12,800 ఉంది. రశీదుల పుస్తకం పంచాయతీలో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

మీటింగ్ కనుమ రోజు, జనవరి 16 శుక్రవారం, పొద్దున 11 గంటలకు బొడ్రాయి దగ్గర. సౌదీ, కువైట్‌లో అప్పుడు ఎనిమిదిన్నర, ఒమన్‌లో తొమ్మిదిన్నర, శుక్రవారం కాబట్టి మీకు సెలవే, వీడియో కాల్‌లో కలవండి. కొత్త కమిటీని ఎన్నుకోవాలి, కట్ట పని తేల్చాలి. కమాన్ గురించి కూడా మాట్లాడదాం, ఆ రోజు ఎక్కువమంది కావాలంటే నేను అడ్డం చెప్పను. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి టౌన్‌లో ఎనిమిదింటికి మన బస్సు ఎక్కితే నేరుగా ఊళ్లోనే దిగొచ్చు.

మీ
సంఘం కార్యదర్శి