క్షయ మందులు మొదలుపెట్టేటప్పుడు మిగిలిన మందుల సంగతి అడగాలి

సంపాదకులకు నమస్కారం.

క్షయ మందులు ఊరూరా ఉచితంగా అందుతున్నందుకు సంతోషించేవారిలో నేనూ ఒకడిని. అయితే ఆ మాత్రలు వేసుకునేవారిలో చాలామందికి అప్పటికే గుండెకో, మూర్ఛకో, షుగరుకో మరొక వైద్యుడు రాసిన మందులు నడుస్తుంటాయి. ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు చాలాచోట్ల లేదు.

మనం మింగిన మందు రక్తంలో ఎంతసేపు నిలుస్తుందన్నది చాలావరకు కాలేయం చేతిలో ఉంటుంది. కొవ్వులో కరిగే మందులను మూత్రపిండాలు సులువుగా బయటికి పంపలేవు కనుక, వాటిని నీటిలో కరిగేలా మార్చే పనిని కాలేయ కణాల్లోని సైటోక్రోమ్ పి450 అనే ఎంజైములు చేస్తాయి. ఒక్కో ఎంజైము ఎన్నో రకాల మందులను విరగ్గొట్టాలి. ఒక మందు ఆ ఎంజైమును అడ్డుకుంటే దానితో పాటు వేసుకున్న మరో మందు రక్తంలో పేరుకుపోతుంది. ఎంజైము ఉత్పత్తిని పెంచితే ఆ రెండో మందు తగినంత పని చేయకుండానే బయటికి పోతుంది.

క్షయ చికిత్సకు ఆధారమైన రిఫాంపిసిన్ ఇలా ఎంజైములను పెంచే మందుల్లో అత్యంత బలమైన వాటిలో ఒకటి. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని, భయపడనక్కరలేదని రోగికి ముందే చెబుతారు. కాలేయంలో జరిగే మార్పు కంటికి కనబడదు, దాన్ని గురించి చెప్పేవారూ తక్కువే.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఎసినోకుమరాల్ వేసుకునేవారి సంగతే చూడండి. రిఫాంపిసిన్ మొదలైన ఒకటి రెండు వారాల్లో, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ అనే కొలత పడిపోతుంది. రోజూ తప్పకుండా పాత మోతాదే వేసుకుంటున్నా కవాటం మీద గడ్డ ఏర్పడే ముప్పు వస్తుంది. పరీక్షలో అది తేలితే వైద్యుడు మోతాదు పెంచుతారు. అసలు గండం ఆరు నెలల కోర్సు పూర్తయ్యాక ఎదురవుతుంది. రిఫాంపిసిన్ ఆగిన కొన్ని వారాల్లో ఎంజైములు మామూలు స్థాయికి దిగివస్తాయి గాని, పెంచిన మోతాదు చీటీ మీద అలాగే ఉండిపోతుంది. జబ్బు నయమైందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే చిగుళ్ల నుంచి రక్తం కారడం, మలం నల్లగా రావడం మొదలుకావచ్చు, మెదడులో రక్తస్రావం దాకా కూడా పోవచ్చు.

గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయకపోవడం, కొన్ని షుగరు మాత్రల బలం తగ్గడం కూడా రిఫాంపిసిన్ వల్లనే జరుగుతాయి. దానితో పాటే ఇచ్చే ఐసోనియాజిడ్ ఇందుకు విరుద్ధంగా మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకోగలదు. అలా జరిగినప్పుడు మూర్ఛ రోగికి మత్తు కమ్మి, నడక తూలుతుంది.

ఇది చదివి క్షయ మందులు మానేయాలని దయచేసి ఎవరూ అనుకోవద్దు. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయ వచ్చే ప్రమాదం ఉంది. ఈ సమస్యలన్నీ మోతాదు సరిచేయడంతోనో, మందు మార్చడంతోనో తీరేవే.

కాబట్టి చికిత్స మొదలుపెట్టే రోజునే ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ తెమ్మని రోగికి చెప్పి, వాటి పేర్లను క్షయ చికిత్స కార్డులో రాయాలని, ఆ మందులు రాసిన వైద్యుడికి కోర్సు మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ కబురు అందేలా చూడాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. ఎసినోకుమరాల్ గాని, అదే పని చేసే వార్ఫరిన్ గాని వాడేవారికి కోర్సు ముగిశాక కూడా కొన్ని వారాల పాటు ఐఎన్‌ఆర్ పరీక్షలు వెంటవెంటనే చేయించాలి.

– విశ్రాంత ఫార్మసిస్టు, తెనాలి