పుట్టుక నుంచి కాదు, మూడు రోజులు తీయండి

ఎడిటర్ గారికి,

టెక్ కంపెనీలు పెట్టినవాళ్ల కథలు తెరకెక్కించేటప్పుడు చాలామంది బాల్యం నుంచి షేర్ మార్కెట్ గంట దాకా అన్నీ కుక్కేస్తారు. 2015 నాటి ‘స్టీవ్ జాబ్స్’ సినిమా ఆ జోలికి పోలేదు. 1984 మెకింతోష్, 1988 నెక్స్ట్, 1998 ఐమాక్ కంప్యూటర్ల విడుదలలకు ముందు తెరవెనక గొడవలే కథ. మొదటి భాగం 16 ఎంఎం, రెండోది 35 ఎంఎం ఫిల్మ్‌పై, మూడోది డిజిటల్‌లో తీశారు. సంభాషణలు చాలావరకు రచయిత కల్పనేననుకోండి, అది వేరే సంగతి.

1984లో వేదికపై మాట్లాడిన మెకింతోష్‌లో 512 కిలోబైట్ల మెమరీ ఉంది. అమ్మకానికి పెట్టినదాంట్లో 128 మాత్రమే. ఆ ఒక్క వివరం పది ఉపన్యాసాల పెట్టు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పాత మానిటర్ల దగ్గర. పిక్చర్ ట్యూబ్ తెర బొమ్మను సెకనుకు 60 సార్లు గీస్తుంటే కెమెరా 24 ఫ్రేములే పడుతుంది. అందుకే నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతాయి. మానిటర్‌ను 72 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 72 సార్లు గీసేలా మార్చి, కెమెరాలోకి వెలుగు ఎంతసేపు పడాలో నిర్ణయించే షట్టర్ కోణాన్ని 120 డిగ్రీల వద్ద పెడితే, ఒక్కో ఫ్రేములో తెర బొమ్మ సరిగ్గా ఒక్కసారి పూర్తిగా పడుతుంది. ఆ మానిటర్ 72 అందుకోకపోతే తెర ఖాళీగా ఉంచి బొమ్మను ఎడిటింగ్‌లో అతికించుకోవడమే దారి. అప్పుడు నటుడి ముఖంపై పడాల్సిన వెలుగుకు చిన్న దీపం విడిగా పెట్టాలి. తెరపై పచ్చటి అంకెల వాన మాత్రం వద్దు, కథ జరిగే ఏడాది వాడిన ప్రోగ్రామే కనిపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు