రిటైరైనవారికి ఇచ్చేది జీతమా, ఫీజా?

సంపాదకులకు నమస్కారం.

‘అనుభవజ్ఞులు కావలెను, రిటైరైనవారూ సంప్రదించవచ్చు’ అనే ప్రకటనలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. పోస్టు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. రోజుకెన్ని గంటల పనో, నెలకిచ్చేది జీతమో ఫీజో మాత్రం ఉండదు. ఈ రెండో సంగతి చాలామంది అడగరు కూడా. పీఎఫ్, ఈఎస్‌ఐ, ఆదాయపు పన్ను, పనిలో దెబ్బ తగిలితే ఎవరు చూస్తారన్నది అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పని అవసరం అందరికీ ఒకేలా ఉండదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి పెన్షన్‌తో దిగిపోతారు. ప్రైవేటు కంపెనీలో చాలామందికి 58తోనే సరి. పీఎఫ్‌తో పాటు నడిచే పెన్షన్ పథకం ఈపీఎస్ లెక్క చూడండి: జీతం పరిమితి 15 వేలు, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. 35 ఏళ్లు చేసినా 8 వేలు దాటదు. 2014 సెప్టెంబరుకు ముందు పరిమితి 6,500 కాబట్టి పాత సర్వీసుకు ఇంకా తక్కువే పడుతుంది. కనీస పెన్షన్ అప్పటి నుంచీ వెయ్యి రూపాయలే. అలాంటివారికి పని కాలక్షేపం కాదు, నెల గడవడానికే.

ఇక్కడే యాజమాన్యాలకు ‘కన్సల్టెంట్’ అనే మాట కలిసొస్తోంది. పొద్దున తొమ్మిదికి వేలిముద్ర వేయాలి, సెలవుకు మేనేజర్ని అడగాలి, నెల నెలా ఒకే మొత్తం వస్తుంది. అయినా కాగితం మీద అది వృత్తి ఫీజు. నెలకు 20 వేలు జీతంగా ఇస్తే, సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే, ఉద్యోగికి బీమా తప్పనిసరి. 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది, అందులో పై వయోపరిమితి లేదు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. 20 వేల మీద ఉద్యోగికి కోత 150 రూపాయలే. అరవై దాటిన మనిషికి ఆస్పత్రి ఖర్చుకి ఇంతకన్నా చవకైన రక్షణ బయట దొరకదు. ఫీజు అనేసరికి అది పోతుంది.

పన్ను సంగతీ అంతే. పెన్షన్‌ను జీతంగానే లెక్కిస్తారు, దాని మీద కొత్త పన్ను విధానంలో 75 వేల మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) ఉంది. ఫీజుకి అది లేదు. ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చిన ఫీజు 50 వేలు దాటితే 10 శాతం పన్ను ముందే (టీడీఎస్) కోస్తారు. పన్ను పడని ఆదాయమైనా రిటర్ను వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. వేసేటప్పుడు అలవాటు ప్రకారం జీతగాళ్ల రిటర్ను ఫారం ఐటీఆర్-1 నింపితే చిక్కే, అందులో వృత్తి ఆదాయానికి చోటు లేదు. ఇంజనీరింగ్, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా వంటి పనులకు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపి ఐటీఆర్-4 వేయవచ్చు. ట్యూషన్ చెప్పే టీచరు పని ఆ జాబితాలో లేదు. ఇంకొకటి ఎక్కువమందికి తెలియదు: ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ నుంచి 60 దాటినవారికి మినహాయింపు వ్యాపార, వృత్తి ఆదాయం లేనంత వరకే. ఫీజు మొదలైతే ఆ మినహాయింపూ ఉండదు.

పీఎఫ్‌లో మరో తప్పు జరుగుతోంది. 58 నిండాక ఈపీఎస్ సభ్యత్వం ఆగిపోతుంది, ఆపై యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే వెళ్లాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో పుట్టినతేదీ సరిగా లేకనో, ఎవరూ చూడకనో యాజమాన్యం వాటా నుంచి జీతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతూనే ఉంటుంది. క్లెయిమ్ వేసిన రోజున గానీ బయటపడదు. అప్పుడు సవరణ కాగితాలతో నెలలు గడిచిపోతాయి. పాత పీఎఫ్ మొత్తం రిటైర్మెంట్‌కి తీసేసుకున్నవారిని కొత్త యాజమాన్యం మళ్లీ చేర్చక్కర్లేదు. తీయకుండా ఉంచినవారిని చేర్చాలి. చేరేముందే ఈ మాట తేల్చుకోవాలి.

పని దొరికింది కదా, పెన్షన్ 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం పెరుగుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 3 వేల పెన్షన్‌ను చందా కట్టకుండా రెండేళ్లు ఆపితే వదులుకునేది 72 వేలు. పెరిగేది నెలకు సుమారు 240. పోయింది రాబట్టడానికి ఇంచుమించు 25 ఏళ్లు పడుతుంది. 58కే పెన్షన్ దరఖాస్తు ఫారం 10-డీ పెట్టడం మేలని మా అభిప్రాయం. పని చేస్తూ పెన్షన్ తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక తగిన పని ఏది? సెక్యూరిటీ గార్డే గతి అనుకోవడం మానాలి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం ప్రకారం ఏజెన్సీ గార్డుకు 65 ఏళ్లు నిండకూడదు, పైగా పన్నెండు గంటల రాత్రి డ్యూటీ బీపీ, షుగర్ ఉన్నవారికి పనికిరాదు. మిర్యాలగూడ వైపు ఉప్పుడు బియ్యం మిల్లులకు సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంట్ కావాలి, థర్మల్ కేంద్రాల్లో బాయిలర్ పని చేసి దిగిన కొందరి దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంటుంది. సివిల్ ఇంజనీరుకు ఆస్తుల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ దారి ఉంది: 50 గంటల శిక్షణ, 60 శాతం మార్కులతో పరీక్ష, ఆ తర్వాత బ్యాంకు ప్యానెల్‌లో చేరడం. శిక్షణ, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందే అవుతుంది, పని మాత్రం ప్యానెల్ దొరికాకే. బ్యాంకు ఆఫీసర్లకు లావాదేవీలను ఎప్పటికప్పుడు తనిఖీ చేసే కాంకరెంట్ ఆడిట్ 70 ఏళ్ల దాకా కుదురుతుంది. వాణిజ్య పన్నుల శాఖలో గెజిటెడ్ స్థాయిలో కనీసం రెండేళ్లు చేసినవారు ఇతరుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావచ్చు. వీటన్నిట్లో వారానికి రెండు మూడు రోజుల పని అడగవచ్చు, అడిగితేనే ఇస్తారు.

కేంద్ర ప్రభుత్వంలో మళ్లీ కాంట్రాక్టుపై తీసుకుంటే లెక్క వేరు. చివరి బేసిక్ 80 వేలు, పెన్షన్ 40 వేలు అయితే ఇచ్చేది మిగిలిన 40 వేలు. కమ్యూట్ చేసిన, అంటే ముందే ఏకమొత్తంగా తీసుకున్న భాగాన్నీ పెన్షన్‌లో కలిపే తీసేస్తారు. కరవు భత్యం, ఇంక్రిమెంట్ ఉండవు.

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అంటూ ముందే డబ్బడిగినవారి దగ్గరకు వెళ్లకపోవడమే మంచిది. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వృద్ధుల ఉద్యోగాల కోసం కేంద్రం 2021 అక్టోబరు 1న ‘సేక్రెడ్’ పోర్టల్ తెచ్చింది. 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఇవి చాలవు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో ప్రతి నెల 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ శిబిరం పెడుతోంది. 57 నిండిన సభ్యులను ఆ శిబిరానికి పిలిచి, 58 తర్వాత చందా ఎటు వెళ్లాలో తెలుగులో ఒక పేజీ కాగితం చేతికివ్వాలి, యాజమాన్యానికీ పంపాలి. కార్మిక శాఖ తనిఖీకి వెళ్లినప్పుడు ‘కన్సల్టెంట్ల’ హాజరు పట్టీ కూడా అడగాలి. మీ పత్రికకూ ఒక విన్నపం: రిటైరైనవారిని పిలిచే ప్రకటన తీసుకునేటప్పుడు పని గంటలు, జీతమా ఫీజా అన్న రెండు గడులు నింపించండి.

— పేరోల్, పీఎఫ్ విభాగాల విశ్రాంత ఉద్యోగులు, రాజమహేంద్రవరం