రీల్ వచ్చింది, డబ్బా రాలేదు: కస్టమర్ కేర్‌కు ఒక లేఖ

చిత్తూరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (అలాంటివారు ఒకరు నిజంగానే ఉన్నారన్న నమ్మకంతో),

విషయం: 47 రోజులుగా నా మాట ఎవరూ చెవిన వేసుకోకపోవడం గురించి

అయ్యా,

పాత వస్తువు పంపితే అదేమిటో, ఏ కాలం నాటిదో తేల్చి సర్టిఫికెట్ ఇస్తామని మీరు చెబితే 1,800 రూపాయలు కట్టి మా నాయన గాలం రీల్‌ను (గాలం తాడు చుట్టే చక్రం) దాని డబ్బాతో సహా మీకు పంపాను. రీల్ వివరాలు మళ్లీ రాయను. ఫారంలో రాశాను, మెయిల్లో రాశాను, ఫోన్లో అయిదుగురికి పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఇక ఓపిక లేదు.

మొదట ఫోనెత్తిన అబ్బాయి "ఏ రీల్ సార్, ఇన్‌స్టా రీలా?" అన్నాడు. కాదు బాబూ, సముద్రంలో చేపలు పట్టేది అన్నాను. తయారుచేసిన కంపెనీ పేరు అడిగాడు. పెన్ అని చెప్పాను. "పెన్నులు కూడా చూస్తాం సార్, కానీ క్యాప్ ఉండాలి" అన్నాడు. కుర్రాడు, పోనీలే అనుకున్నాను. పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఇవ్వమంటే 22 నిమిషాలు పాట వినిపించాడు. నడుమ నడుమ ఒక అమ్మాయి వచ్చి నా కాల్ మీకెంతో ముఖ్యమని చెప్పి పోతుంది. పాట ఆగింది, ఫోన్ కూడా ఆగింది.

తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర, చూడటానికి పెళ్లి శుభలేఖలా ఉంది. లోపల "1920 ప్రాంతపు, సరస్సులలో చేపలు పట్టు సాధనం" అని రాశారు. అయ్యా, ఒట్టో హెంజ్ అనే ఆయన అమెరికాలో ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీ పెట్టిందే 1932లో. నా రీల్ మీద పేరు సెనేటర్ అని అచ్చయి ఉంది, ఆ రకం వచ్చింది 1936లో. తల్లి కంటే పన్నెండేళ్లు ముందు బిడ్డను పుట్టించిన ఘనత మీకే దక్కింది.

సరస్సు అని ఎందుకు రాశారని ఫోన్ చేస్తే ఒక మేడం ఏమన్నారో తెలుసా? "మీ అడ్రస్ చిత్తూరు కదా సార్, అక్కడ సముద్రం లేదు కదా." నిజమే తల్లీ, మా జిల్లాకు సముద్రం లేదు. మా నాయన మద్రాసు హార్బర్లో క్రేన్ దగ్గర పనిచేసినప్పుడు ఓ అమెరికా ఓడ ఇంజనీరు ఇచ్చిపోయింది ఇది. ట్యూనా, మార్లిన్ లాంటి పెద్ద పెద్ద సముద్రపు చేపలను లాగడానికి చేసిన రీల్‌ను తీసుకెళ్లి కట్టమంచి చెరువులో వేస్తే చేప రాదు, ఈతకు దిగిన గేదె వస్తుంది.

నేను ఫొటోలతో మూడు మెయిళ్లు పెట్టాక "సవరించిన సర్టిఫికెట్" పంపారు. ఈసారి 1960 అట. ఆధారం ఏమిటంటే రీల్ పక్క పలక మీద 6/0 అని ఉందట! అది సైజు అయ్యా. 4/0, 6/0, 9/0 అని సెనేటర్లకు సైజులు ఉంటాయి. మీ లెక్కన 9/0 రీల్ 1990లో తయారైంది కాబోలు. 1960 అనేది పొరపాటున నా లెక్కకు దగ్గరగానే పడింది, అది వేరే సంగతి. చీకట్లో విసిరిన రాయి ఒక్కోసారి మామిడికాయకు తగులుతుంది.

నా లెక్క ఏమిటని మీరు అడగలేదు, అయినా చెబుతాను. నేను 34 ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆ డబ్బా చేతికి వస్తే నేను ముందు చూసేది బొమ్మ కాదు, అడ్రసు. ఫిలడెల్ఫియా పక్కన 32 అని రెండంకెలే ఉన్నాయి. అమెరికాలో పెద్ద ఊళ్లకు అలాంటి జోన్ నంబర్లు 1943లో వచ్చాయి, అయిదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. మన పిన్ కోడ్ అయితే 1972 ఆగస్టు 15 దాకా రాలేదు. అంటే ఆ డబ్బా 1943కూ 1963కూ నడుమ అచ్చయినదని గట్టిగా అనుకోవచ్చు. ఒకదాని డబ్బాలో ఇంకోటి పెట్టి ఉండొచ్చని నాకూ తెలుసు. అందుకే రీల్‌ను, డబ్బాను పక్కపక్కన పెట్టి చూడమని పంపాను. ఆ ఓడ ఇంజనీరు దీన్ని నేను పుట్టిన ఏడు, 1958లో ఇచ్చాడని మా నాయన చెప్పేవాడు. నాకు తేలాల్సింది అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతి. రీల్ తిరిగి వచ్చింది. డబ్బా రాలేదు. ఎలుక కొరికిన మూల, మూత లోపల మా నాయన పెన్సిల్‌తో రాసిన ఓడ పేరు, ఏదీ రాలేదు. అడిగితే "ప్యాకింగ్ మెటీరియల్ రిటర్న్ చేయం సార్, కావాలంటే కొత్త బబుల్ ర్యాప్ పంపుతాం" అన్నారు. నా సర్వీసులో ఖాళీ కవరు పోయినా మెమో ఇచ్చేవాళ్లు. మీ దగ్గర సాక్ష్యం పోతే బబుల్ ర్యాప్ ఇస్తారు.

అప్పటినుంచి పదకొండు ఫోన్లు. ఒకరు హిందీలో మాట్లాడి పెట్టేశారు. ఇంకొకరు 48 గంటలన్నారు. ఆ 48 గంటలు ఇప్పటికి నాలుగుసార్లు అయిపోయాయి. మొన్న రాత్రి పదకొండున్నరకు "మీ సమస్య పరిష్కరించబడింది, స్టార్లు ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. ఎవరి సమస్య పరిష్కారమైందో నాకు అర్థం కాలేదు. మీదయి ఉంటుంది.

2019 నుంచి మీ కస్టమర్‌ని. మా మామగారి గడియారం, మా ఆవిడ వాళ్ల నాణేలు మీకే చూపించాం. మా వీధిలో మూడిళ్లకు మీ పేరు చెప్పి పంపింది నేనే. ఇప్పుడు వాళ్ల ముఖం చూడలేక పాలకు పక్క సందులోంచి వెళ్తున్నాను.

చిత్తూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం కూడా నాకు చేతనవును. అంతకంటే దగ్గరి దారి ఇంకోటి ఉంది. కాణిపాకం మా ఇంటికి పది పన్నెండు కిలోమీటర్లు. మీలో ఎవరో ఒకరు వచ్చి, కోనేట్లో మునిగి, "ఆయన పంపిన ఫొటోలు తెరిచి చూశాం" అని వినాయకుడి ముందు ప్రమాణం చేయండి. నా ఖర్చుతో భోజనం పెట్టించి బస్సెక్కిస్తాను.

డబ్బు విషయం తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ గోడౌన్‌లో ఎవరినైనా ఆ డబ్బా కోసం వెతకమనండి. దొరికినా దొరకకపోయినా, ఒక మనిషి నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి.

ఇట్లు,
మీరు పట్టించుకోని పాత కస్టమర్

తా.క.: ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదు నా దగ్గరుంది. పిన్ కోడ్ ఆరంకెలూ స్పష్టంగా రాశాను. ఈ కవరునైనా పారేయకండి.