దక్షిణాదికి సుప్రీంకోర్టు ధర్మాసనం కావాలి

సంపాదకుడు గారికి,

చిత్తూరు దగ్గర మామిడి తోట ఉన్న మా బంధువు భూమి వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. పాత పట్టా, అడంగల్ నకళ్లు సంచిలో పెట్టుకుని ఆయన ఒకటిన్నర రోజు రైలులో ఢిల్లీ వెళ్తారు. తీరా వెళ్లాక వాయిదా! మళ్లీ బస ఖర్చు, వకీలు ఫీజు.

ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రపతి ఆమోదంతో కోర్టును ఢిల్లీ వెలుపల కూడా నిర్వహించవచ్చని రాజ్యాంగం 130వ అధికరణ చెబుతోంది. ఢిల్లీలో రాజ్యాంగ ప్రశ్నలు తేల్చే రాజ్యాంగ ధర్మాసనం, నాలుగు ప్రాంతాల్లో అప్పీళ్ల ధర్మాసనాలు ఉండాలని, చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2009లోనే సూచించింది. దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ అంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

విడదీస్తే అత్యున్నత న్యాయస్థానం బలహీనపడుతుందన్న భయం నాకు అర్థమవుతుంది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని, 7–6 మెజారిటీతో, పార్లమెంటు సవరణలతో కూడా మార్చలేని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని కాపాడారు. అలాంటి కేసులు ఢిల్లీలోనే ఉండనివ్వండి. రైతు అప్పీలుకు అంత దూరం ఎందుకు? 1950లో 8గా ఉన్న న్యాయమూర్తుల పదవులు 2019లో 34కు పెరిగాయి. అందులో కొందరు దక్షిణాదిన కూర్చోలేరా? మన ఎంపీలు ఈ విషయం పార్లమెంటులో గట్టిగా అడగాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి