పిడుదుల సమాచారం పశువైద్యశాల దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు,

పత్రికల్లో వరుసగా వార్తలు రావడంతో స్క్రబ్ టైఫస్ పేరు ఇప్పుడు పల్లెల్లో కూడా తెలిసింది. అదే కోవకు చెంది, పిడుదుల వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. పశువైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఈ మౌనం ఆందోళన కలిగిస్తోంది. ఏ ఇళ్లలో, ఏ కొట్టాల్లో పిడుదులు ప్రబలాయో పశువైద్యశాలకు ముందుగా తెలుస్తుంది. ఆ సంగతి పక్కవీధిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరే ఏర్పాటు మాత్రం లేదు.

ఈ జ్వరానికి కారణం రికెట్సియా కొనోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని మోసేది కుక్కల చెవుల్లోనూ, కాలివేళ్ల సందుల్లోనూ కనిపించే గోధుమరంగు పిడుదు. రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్కను వదిలి రాలిపోయి, గోడ బీటల్లోకో గడప కిందికో పాకి, అక్కడ వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తల్లిలోని రికెట్సియా గుడ్లలోకి కూడా చేరుతుంది కాబట్టి, వాటి నుంచి వచ్చే ఆరుకాళ్ల పిల్లపురుగులు ఏ జంతువు రక్తమూ తాగకముందే వ్యాధిని మోస్తూ పుట్టగలవు. అక్కడి నుంచి పెద్దవయ్యేదాకా ఒక్కో దశలో ఒక్కోసారి రక్తం తాగుతూ, తాగిన ప్రతిసారీ మళ్లీ నేలకు దిగుతూ పెరుగుతాయి. కుక్క ఒంటి మీద మనకు కనిపించేవి కొన్ని మాత్రమే. మిగిలినవన్నీ ఇంటి గోడల్లో, వాకిట్లో ఉంటాయి, తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే కుక్కకు మందు పట్టించి గోడలను వదిలేసిన ఇంట్లో కొద్ది వారాలకే మళ్లీ పిడుదులు కనిపిస్తాయి. పైగా వేడి బాగా పెరిగినప్పుడు ఈ పిడుదు కుక్కల కంటే మనుషుల వైపు ఎక్కువగా వస్తుందని ప్రయోగాల్లో తేలింది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ వేసవులు ఎలా ఉంటున్నాయో చూస్తున్నాం కనుక ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పిడుదు కుట్టిన రెండు వారాల్లోపు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. తర్వాత అరచేతులకూ అరికాళ్లకూ కూడా పాకే ఎర్రటి దద్దుర్లు వస్తాయి. స్క్రబ్ టైఫస్‌లో కుట్టిన చోట కనిపించే నల్లటి పెచ్చు ఇందులో అంత తరచుగా కనిపించదు, కుట్టిన సంగతి కూడా చాలామందికి తెలియదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం మందులు దీని మీద పనిచేయవు. ఆలస్యమైతే రక్తనాళాలు దెబ్బతిని వేళ్లు, చెవుల అంచులు నల్లబడే స్థితి రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అదే చవకైన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను సకాలంలో ఇస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలని భారత వైద్య పరిశోధన మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చాలాచోట్ల చేయగలిగే వీల్-ఫెలిక్స్ అనే రక్తపరీక్ష 1916 నాటిది. అందులో నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని నిర్ధారించలేం. అందువల్ల రోగిని అడిగే ప్రశ్నలకే విలువ ఎక్కువ: ఇంట్లో కుక్క ఉందా, దాని ఒంటి మీద పిడుదులు ఉన్నాయా, వాటిని చేత్తో తీసి గోటితో నలిపారా? నలిపినప్పుడు వచ్చే ద్రవం చర్మం మీది గీతల గుండా లోపలికి పోయినా జబ్బు రావచ్చు. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగి, స్పిరిట్‌లో వేయడం మంచి పద్ధతి.

కుక్కలకు ఇదే పిడుదు వల్ల వచ్చే ఎర్లీకియా జబ్బుకు మా పశువైద్యులు నిత్యం డాక్సీసైక్లిన్ రాస్తూనే ఉంటారు. అంటే పిడుదులున్న ఇల్లు ఏదో ఆ చీటీలే చెబుతాయి. అమెరికాలోని అరిజోనాలో 2003 నుంచి ఆదివాసీ తెగల ఊళ్లలో ఇదే కోవకు చెందిన రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే జ్వరం ప్రబలినప్పుడు, దానికి కారణం ఊరకుక్కల మీది ఇదే గోధుమరంగు పిడుదని తేలింది. 2012లో అక్కడ ఒక ప్రాంతంలో వందలాది ఇళ్ల కుక్కలకు మందు పట్టీలు కట్టి, ఇళ్ల చుట్టూ నెలనెలా మందు చల్లగా, కుక్కల మీద పిడుదులు దాదాపు లేకుండా పోయాయి. అక్కడ పిడుదులను తగ్గించింది మందు పట్టీలు, మందు చల్లడమే కానీ కుక్కలను చంపడం కాదని గమనించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎం, పశుసంవర్ధక సహాయకుడు ఇద్దరూ ఒకే గ్రామ సచివాలయం పరిధిలో పనిచేస్తారు. పిడుదులు ఎక్కువగా కనిపించిన ఇళ్ల వివరాలను వారానికోసారి ఏఎన్ఎంకు అందించే బాధ్యతను పశుసంవర్ధక సహాయకుడికి అప్పగించడానికి కొత్త ఉద్యోగాలూ, కొత్త భవనాలూ అక్కర్లేదు. తెలంగాణలోనూ మండల స్థాయిలో రెండు శాఖల మధ్య ఇలాంటి ఏర్పాటు చేయవచ్చు. ఇంటింటి జ్వరాల సర్వే పత్రంలో పెంపుడు జంతువులకూ పిడుదులకూ ఒక గడి చేర్చాలని, అనుమానం ఉన్న ఇళ్లలో కుక్కలతో పాటు గోడ బీటలకూ మందు కొట్టించే పనిని పంచాయతీలకు అప్పగించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య, పశుసంవర్ధక శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యుడు,
మదనపల్లె